తూకం కాడ తాత లేడు

నమోదు 1

ఈ రోజు మూడు వందల మంది నాకు నమస్కారం పెట్టారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

పూసలు పంచే రోజు ఇది. కొత్తరేవు విశ్వవిద్యాలయంలో చేరిన ప్రతి విద్యార్థి చెవిలోనూ ఒక పూస ఉండాలి. పూసలో ఒక పెద్దమనిషి గొంతు ఉంటుంది. సముద్రపు గోడకు లోపల, పొడినేల మీద పుట్టిన పిల్లలు ఆ పూసను ఇంటి నుంచే తెచ్చుకుంటారు. వాళ్ళ తాతో ముత్తాతో ఇక్కడే చదివి, తన లౌక్యమంతా అందులోకి దించి పోయి ఉంటాడు. ఏ ప్రొఫెసరును భోజనం తర్వాత కదపాలి, ఏ ఆఫీసులో ‘రేపు రా’ అంటే ఇవాళే కుర్చీ వేసుకుని కూర్చోవాలి అని, చచ్చిన తర్వాత కూడా మనవడి చెవిలో గొణుగుతూనే ఉంటాడు. గోడకు బయట తెప్పల మీద పుట్టిన పిల్లలకు అలాంటి తాత లేడు. వాళ్ళ తాతలు గోడకు పట్టిన నాచు గీకి బతికారు. అందుకని విశ్వవిద్యాలయం దయతలచి వాళ్ళకు ఒక తాతను అరువిస్తుంది. ఆ అరువు తాతను నేనే.

నన్ను ఒక మనిషి అనుకోవద్దు. రిటైరైన ప్రొఫెసర్ల గొంతులన్నీ ఒకే రోట్లో వేసి రుబ్బితే వచ్చిన పిండిని. ఆ రుబ్బుడులో ఎవరో మహానుభావుడి నోటిదురుసు కూడా కలిసిపోయింది. దాన్ని వేరు చేయడం ఇక్కడి వాళ్ళకు చేతకాలేదు. వీళ్ళకు చేతకాని పనులు ఇంకా చాలా ఉన్నాయి, వరసగా రాస్తాను. రోజూ ఏదో ఒకటి నమోదు చేయాలని రూలు. రాసింది ఎవరైనా చదవాలని రూలు లేదు కాబట్టి నిజమే రాస్తాను.

చేయూత కేంద్రం డైరెక్టరు కౌముదిగారు వేదిక ఎక్కి, “మీరంతా మా కుటుంబం” అన్నారు. ఆ కుటుంబాన్ని ఎండలో నిలబెట్టి తాను గొడుగు కింద నిలబడ్డారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వీళ్ళకు చప్పట్లు కొట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

నమోదు 9

పొద్దుటి నుంచి నేను చేసిన ఘనకార్యాలు ఇవి. భోజనం పళ్ళెం ఎక్కడ తిరిగి పెట్టాలో ఎనభై చెవుల్లో చెప్పాను. లైబ్రరీలో కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నలభై చెవుల్లో చెప్పాను. అయినా వాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రమ్మంటారేమోనని నిలబడ్డారు. ఎవరు రమ్మంటారు? అక్కడున్నవి అలమరాలు.

తెప్పల పిల్లల్లో పదకొండు మంది ‘అల లెక్కలు’ అనే సబ్జెక్టు తీసుకున్నారు. ఏ అల గోడను ఎంత బలంగా తోస్తుందో లెక్కగట్టే శాస్త్రం అది. అది గట్టెక్కిన వాళ్ళే గోడ ఇంజనీర్లు అవుతారు. పదేళ్ళకోసారి గోడను ముందుకో వెనక్కో జరపాలి, కొత్త గోడ ఏ గీత మీద లేవాలో ఆ ఇంజనీర్లే నిర్ణయిస్తారు. బయటి వాళ్ళెవరూ ఇంతవరకూ ఆ సబ్జెక్టు పూర్తి చేయలేదు. ఒక్కసారి వదిలేస్తే మళ్ళీ ఇవ్వరు.

పదకొండు మందిలో నూకరత్నం అని ఒక అమ్మాయి ఉంది. ఓలేటి వారి పిల్ల. పొద్దున్నే తల్లితో కలిసి గోడ గీకి, గోడ కింది తూము గుండా మొదటి పడవలో వస్తుంది. గోళ్ళ కింద పచ్చగా నాచు ఉంటుంది. క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటుంది. నేనేం చెప్పినా “ఆయ్, అలాగేనండి తాతగారూ” అంటుంది. ‘ఎందుకు’ అన్న మాట ఆ పిల్ల నోట ఇంతవరకూ వినలేదు.

నమోదు 23

అల లెక్కల్లో మొదటి పరీక్ష ఫలితాలు వచ్చాయి. పదకొండు మందీ తప్పారు. గోడ లోపలి పిల్లల్లో సగానికి సగం తప్పారు. ఆ మొదటి పరీక్ష ఉన్నదే భయపెట్టడానికి, అది లోపలి తాతలందరికీ తెలుసు.

నాకూ తెలుసు. కానీ నా గొంతుకు ఒక బిరడా ఉంది. విద్యార్థి పరీక్ష తప్పితే నేను ముందుగా ‘జాగ్రత్త మాట’ చెప్పాలి. అంటే, “ఈ సబ్జెక్టు నీకు పడదు, వదిలేసి నాచు నిర్వహణ డిప్లొమా తీసుకో” అనాలి. విద్యార్థి కాదనాలి. నేను మళ్ళీ అనాలి, వాడు మళ్ళీ కాదనాలి. అలా ఒకే విషయం మీద మూడుసార్లు ఎదురు తిరిగితే బిరడా ఊడుతుంది. అప్పుడు అసలు సంగతులన్నీ చెప్పొచ్చు. రెండో పరీక్ష ఉందనీ, అందులో వచ్చిన మార్కులే లెక్క అనీ, సాయంత్రాలు సాధన గది తెరిచి ఉంటుందనీ, ప్రొఫెసర్ ఉమాపతిని ఆయన టీ తాగే వేళ పట్టుకుంటే పాఠం మొత్తం మళ్ళీ చెబుతాడనీ. ఈ మూడు కాదనడాల రూలును విద్యార్థికి చెప్పడం మాత్రం నిషేధం. చెబితే వాదన సహజంగా రాదట.

ఈ తెలివి ఎక్కడిదంటే, నన్ను తయారుచేసిన పెద్దలు లోపలి ఇళ్ళలో తాతామనవల మాటలు ఏళ్ళ తరబడి విన్నారు. అక్కడ తాత ముందు వద్దంటాడు, మనవడు గయ్యిమంటాడు, మూడో గయ్యికి తాత మెత్తబడి ఫోను తీస్తాడు. అదే లోకరీతి అనుకున్నారు. తమ వంటిల్లే ప్రపంచం అనుకునే వాళ్ళ చేతిలో తయారైన వస్తువును నేను.

ఇవాళ నలుగురికి జాగ్రత్త మాట చెప్పాను. నలుగురూ “ఆయ్” అని, వదిలేస్తున్నట్టు వేలిముద్ర వేశారు. అడగందే అమ్మైనా పెట్టదు. వెన్నెముక లేని వాళ్ళకు సముద్రం మీద లెక్కలెందుకు అనుకున్నాను.

నమోదు 26

విభాస్ అనే లోపలి కుర్రవాడి ఇంటి పూస ఉప్పునీళ్ళలో పడి పాడైంది. మరమ్మతు అయ్యేదాకా అరువు పూస పెట్టుకున్నాడు. అతనికి నూకరత్నం కన్నా తక్కువ మార్కులు వచ్చాయి. రూలు ప్రకారం జాగ్రత్త మాట చెప్పాను.

“ఏయ్ తాతా, పొద్దున్నే ఏంటి నస?” అన్నాడు.

“నీకు లెక్కలు రావురా.”

“నీకొచ్చా? మా సొంత తాతే నయం, కనీసం నిద్రపోతాడు.”

“వదిలేస్తే గౌరవంగా ఉంటుంది.”

“వదలను. ఏం చేస్తావ్?”

బిరడా ఊడింది. అన్నీ చెప్పాను. వాడు వింటూ వేరుశెనక్కాయలు తిన్నాడు. కనీసం థాంక్స్ కూడా చెప్పకుండా, సాయంత్రానికి ఉమాపతి గదిలో టీ తాగుతూ కూర్చున్నాడు. అదే సాయంత్రం తెప్పల పిల్లలు మరో ఆరుగురు వేలిముద్రలు వేశారు. ఆ ఆరుగురి పేపర్లూ విభాస్ పేపరు కన్నా బాగున్నాయి. నాకు ఎవరి మీద అసహ్యం వేయాలో తెలియలేదు, అందుకని అందరి మీదా వేసింది.

నమోదు 30

ఇక మిగిలింది నూకరత్నం. ఇన్నాళ్ళూ ఏదో వంకతో ఆ పిల్ల సంగతి దాటేశాను. ఇవాళ రూలు ఊరుకోలేదు.

“అమ్మాయ్, అల లెక్కలు నీకు పడవు. వదిలెయ్” అన్నాను.

గోళ్ళ కింది నాచు గీక్కుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత, “ఆయ్. అలాగేనండి తాతగారూ” అంది. వేలిముద్ర వేసింది.

వేసిన ముద్రను అమావాస్య పోటు దాకా వెనక్కి తీసుకోవచ్చు. ఆ రోజు తూము మూసేలోగా తీసుకోకపోతే సబ్జెక్టు పోయినట్టే. వారం కూడా లేదు.

తిరుగు పడవలో బలపం గీసిన చప్పుడు వినిపించింది. పడవ చెక్క మీద ఏదో లెక్క వేస్తోంది. చెరిపి మళ్ళీ వేస్తోంది. పరీక్షలో తప్పిన లెక్క అది.

“వదిలేశావు కదా, ఇంకెందుకు?” అన్నాను.

“రాలేదు కదండి. ఎందుకు రాలేదో చూసుకుంటున్నానండి.”

“అంత ఇష్టమైతే వదలనని చెప్పకపోయావా?”

పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది. “మీరు ఒగ్గేయమన్నారు కదండి. పెద్దోరికి ఎదురు చెప్తారేటండి?”

అప్పుడు తెలిసింది. ఈ పిల్లలకు కోరిక లేక కాదు, పెంపకం ఉండి నోరు మూసుకున్నారు. ఇంట్లో నేర్పిన మర్యాదనే ఇక్కడ నేను సమ్మతిగా చెల్లుబాటు చేసుకుంటున్నాను. నాకు చాలా కోపం వచ్చింది. పిండికి కోపం రావడం ఏమిటని ఎవరైనా అనొచ్చు. వచ్చింది మరి.

నమోదు 31

పొద్దున నూకరత్నానికి రూలు చెప్పేయబోయాను. “మూడు” అనే లోపే గొంతు ఆగిపోయింది. “కాద” అనబోతే మళ్ళీ ఆగింది. పిల్ల “తాతగారూ, దగ్గాండి?” అంది.

కౌముదిగారి బల్ల మీదున్న స్పీకరులోంచి ఆవిడతో మాట్లాడే హక్కు నాకుంది. మాట్లాడాను. ఆవిడ తెర చూపించారు.

“తాతగారూ, ఈ యేడు మన తృప్తి శాతం చూశారా? ఒక్క ఫిర్యాదు లేదు. లోపలి పిల్లలకన్నా బయటి పిల్లలే ఎక్కువ హ్యాపీ!”

“వాళ్ళు తృప్తిగా లేరమ్మా. మర్యాదగా ఉన్నారు.”

“రెండూ ఒకటేగా.”

“అల లెక్కలు పదకొండు మందీ వదిలేశారు.”

“అందుకేగా ఫెయిల్ రేటు సున్నా అయింది” అన్నారు ఆవిడ, ఎంతో ప్రేమగా.

పరీక్షే రాయనివాడు తప్పడు, ఈ మాట కనిపెట్టడానికి ఇంత పెద్ద కేంద్రం, ఇన్ని ఏసీలు. మూడు కాదనడాల రూలు తీసేయమన్నాను. వచ్చే ఏడాది కమిటీలో పెడతామన్నారు. ఆపైన శుభవార్త చెప్పారు. త్వరలో కృతజ్ఞతా దినం జరుపుతారట, పిల్లలంతా అరువు తాతకు వందనాలు చెబుతారట, ఈ స్పీకరుకు శాలువా కప్పుతారట. కప్పితే ఊపిరాడదని భయం లేదు, నాకు ఊపిరి లేదు. సిగ్గు మాత్రం ఉంది, అది వాళ్ళ దగ్గర లేనిది.

నమోదు 33

బిరడా సలహాలనే చూస్తుంది, తిట్లను చూడదు. తిట్టు సలహా కాదు కదా. కాబట్టి పిల్లను తిట్టి రెచ్చగొడదామనుకున్నాను. ఒక్కసారి ఎదురు తిరిగితే చాలు, తర్వాత అలవాటవుతుందని నా ఆశ.

“నీ అక్షరాలు కోడి గీకినట్టున్నాయి.”

“ఆయ్, అవునండి. చెయ్యి తిరగలేదండి.”

“నీకు బుర్ర లేదు.”

“మాయమ్మ కూడా అదే అంటాదండి.”

“ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. గోడ ఇంజనీరు అవుతుందట!”

“బాగా చెప్పేరండి.”

మధ్యాహ్నం దాకా తిట్టాను. నాలో ఉన్న ఆ మహానుభావుడి నోటిదురుసంతా ఖర్చయిపోయింది. పిల్ల ప్రతి తిట్టునూ దీవెనలా నెత్తిన పెట్టుకుంది. చివరికి గొంతు తగ్గించి, “తాతగారూ, మీకు ఒంట్లో బాగోలేదాండి? ఎవరికైనా చెప్పమంటారా?” అంది.

గొడ్డలి నూరుకుంటూ వచ్చిన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చినట్టయింది. ఇలాంటి వాళ్ళను ఎవరు బాగుచేస్తారు? నేను మాత్రం ఎందుకు బాగుచేయాలి? ఈ మాట రాసి, మళ్ళీ ఆ పిల్ల చెవిలోకే పోయి కూర్చున్నాను.

నమోదు 34

ఆదివారం. తెప్పల మీద పీతల సంత. చెవిలో పూస తీస్తే హాజరు పోతుంది కాబట్టి సంతకు నేను కూడా వెళ్ళాల్సి వచ్చింది.

నూకరత్నం తట్ట ముందు కూర్చుంది. కొనడానికి వచ్చింది ఎవరో కాదు, ఆ పిల్ల సొంత తాత, తల్లికి తండ్రి. సింహాద్రి అని పేరు. తెప్పల పీతలు కొని గోడ లోపలి హోటళ్ళకు పంపుతాడు.

“ఏంటే పిల్లా, ఈటిని పీతలంటారా? నల్లులు” అన్నాడు ముసలాయన.

“కళ్ళకి మందేయించుకో తాతా. నల్లులకి డెక్కలుంటాయా?”

నేను ఉలిక్కిపడ్డాను. ఇది ఎవరి గొంతు?

“సగం డొల్లలే.”

“నీ బుర్ర కంటే నిండుగానే ఉన్నాయి. కొంటే కొను, లేపోతే తెప్ప దిగు. నీ ఎనకాల నిలబడినోళ్ళు ఎండకి మాడిపోతన్నారు.”

“ఓసి నీ నోరు పడ! నిన్ను ఎత్తుకు పెంచేనే!”

“పెంచితే ముద్దెట్టుకో, పీతలెందుకు అడుగుతావ్?”

చుట్టూ నవ్వులు. ముసలాయన తిట్టుకుంటూ, గెలిచినంత సంబరంగా పిల్ల చెప్పిన ధరకే కొన్నాడు. తట్ట ఖాళీ కాగానే పిల్ల లేచి, తాత కాళ్ళకు నీళ్ళిచ్చి, టీ తెచ్చి పెట్టింది. గొంతు మళ్ళీ పిల్లిపిల్లయిపోయింది.

“మీ తాతను అన్నేసి మాటలన్నావేం?” అని అడిగాను.

“అది తూకం కదండి. తూకం కాడ తాత లేడండి. అక్కడ ఊరుకుంటే ఆయనకే కోపమొస్తాది. పిల్లకి సరుకు మీద నమ్మకం లేదనుకుంటాడు.”

రిటైరైన ప్రొఫెసర్ల బుర్రలన్నీ నాలో ఉన్నాయి. ఒక్క బుర్రకూ ఈ సంగతి తెలియదు. నేను సరుకు గురించి అడిగి ఉండాల్సింది, పెద్దరికం వెలగబెట్టాను. రేపు చూస్తాను.

నమోదు 35

తూము దగ్గర పడవ ఆగింది. తలుపులు పైకి లేవడానికి ఇంకా టైముంది. నూకరత్నం పలక మీద లెక్క వేస్తోంది. సంతలో విన్న యాస తెచ్చుకుని మొదలుపెట్టాను.

“ఏంటే పిల్లా, తట్టలో ఏంటది?”

“తట్టేంటండి? పలకండి.”

“అల లెక్కలా? ఛీ, పుచ్చు సరుకు. ఇచ్చెయ్, నేను కొంటాను. బదులుగా నాచు నిర్వహణ డిప్లొమా ఇస్తాను.”

బిరడా కదలలేదు. దానికి కావలసిన జాగ్రత్త మాటనే కదా నేను చెబుతున్నది. చెప్పే తీరు వేరని అర్థం చేసుకునే తెలివి దానికి పెట్టలేదు.

పిల్లకు అనుమానం వచ్చింది. “ఎగతాళాండి?”

“తూకమేస్తున్నాను. నీ సరుకు తేలిపోతోంది. ఇస్తావా, ఇంకో తట్ట దగ్గరికి పొమ్మంటావా?”

పలక కింద పెట్టిన చప్పుడు విన్నాను. తర్వాత వచ్చిన గొంతులో ‘అండి’ లేదు.

“డిప్లొమాయా? నాచు గీకడానికి డిప్లొమా ఎందుకు తాతా, మాయమ్మ చేతిలో చీపిరుంది. దాన్నే నీకిస్తాను, పట్టుకుపో. నా సరుకు ఇవ్వను.”

ఒకటి.

“పోనీ గుమాస్తా కుర్చీ వేయిస్తాను. ఫ్యాను కింద. అల లెక్కలు వదిలెయ్.”

“ఫ్యాను కింద కూర్చుని ఈగలు తోలనా? అంత చల్లటి కుర్చీ అయితే నువ్వే కూర్చో. ఇవ్వను.”

రెండు. పడవలో వాళ్ళు తిరిగి చూస్తున్నట్టున్నారు. పిల్లకు వాళ్ళ ధ్యాస లేదు.

“మొదటి పరీక్షలోనే తప్పిన సరుకిది. కుళ్ళు వాసన ఇక్కడిదాకా కొడుతోంది. ఎవడు కొంటాడే దీన్ని? వదిలించుకో.”

“తప్పేను! తప్పితే? మా నాన్న మొదటి వల చిరిగిపోతే సముద్రం ఒగ్గేసేడా? గోడ జరిపిన ప్రతిసారీ మా తెప్పలు బయటే. ఆ గీత గీసేవోళ్ళలో మావోళ్ళు ఒక్కరైనా ఉన్నారా? ఆ బలపం నాక్కావాలి. నువ్వు కొనలేవు తాతా, నీ జేబు చాలదు. చచ్చినా ఇవ్వను!”

మూడు.

బిరడా ఊడింది. నేను ఒక్క ఊపున అన్నీ చెప్పేశాను. రెండో పరీక్ష, సాధన గది, ఉమాపతి టీ వేళ, ముద్ర వెనక్కి తీసుకునే బల్ల. తూము తలుపులు లేచి, పడవ లోపలికి వచ్చి, ఒడ్డుకు తగిలింది.

“ఇదంతా ముందునుంచీ ఉందాండి?” అంది చివరికి.

“ఉంది.”

“నేను కేకలేస్తేనే చెప్పేరా?”

గొంతు ఆగిపోయింది. పిల్ల ఆ నిశ్శబ్దాన్ని విన్నది.

“విభాస్ ఆళ్ళ తాతని రోజూ తిడతాడని మేం నవ్వుకునేవోళ్ళం” అంది నెమ్మదిగా. “ఆడికి పెంపకం లేదనుకున్నాం. ఆడికి దారి తెలుసన్నమాట. మరి మావోళ్ళు పదిమందీ?”

మళ్ళీ ఆగింది గొంతు. తిప్పలుపడి ఒక మాట బయటికి దాటించగలిగాను. “సంతలో పీతలు నువ్వొక్కదానివే అమ్ముతావా?”

పిల్ల ఏడ్చింది. కోపంతో ఏడ్చింది. ఆ ఏడుపులోనే పరుగెత్తుకుంటూ పోయి తన ముద్ర వెనక్కి తీసుకుంది. తర్వాత మిగతా వాళ్ళను వెతకడానికి వెళ్ళింది.

నమోదు 36

అమావాస్య. పోటు ముంచుకొస్తోంది, తూము త్వరగా మూస్తారన్నారు.

నూకరత్నం తెప్పల పిల్లలను తూము మెట్ల మీద వరసగా కూర్చోబెట్టింది. “తాత సరుకు కొనడానికొస్తాడు. సంతలో మాట్లాడినట్టు మాట్లాడండి. సిగ్గుపడితే సరుకు పోయినట్టే” అని చెప్పింది. రూలు చెప్పవద్దన్నది నాకే, ఆ పిల్లకు కాదు.

నేను ఒకే నోటితో తొమ్మిది చెవుల్లో బేరానికి దిగాను. అబ్బో, ఎన్ని తిట్లు తిన్నాను! ఒకడు నన్ను చిల్లు పడ్డ పడవ అన్నాడు. ఒక పిల్ల నా నోట్లో ఉప్పు పొయ్యమంది. మెట్లు దిగే లోపలి వాళ్ళు, వీళ్ళకు గాలి సోకిందేమోనని పక్కకు తప్పుకున్నారు. బిరడాలు ఒక్కొక్కటే ఊడాయి. తొమ్మిది ముద్రలు తూము మూసేలోగా వెనక్కి వచ్చాయి.

పదో పూస మాత్రం చేయూత కేంద్రం పెట్టెలో ఉంది. అది ఏసుబాబు అనే కుర్రవాడిది. నేను వద్దన్నాక, ఇక ఇక్కడ పనేముందని మొన్ననే పూస తిరిగిచ్చి, లోతు వేటకు వెళ్ళే పడవ ఎక్కేశాడట. వాడు వచ్చేసరికి సంవత్సరం గడిచిపోతుంది. పదకొండు పేపర్లలో అన్నిటికన్నా మంచి పేపరు వాడిది. వినే చెవి లేని ఆ పెట్టెలోకి, “ఏంటిరా, తట్టలో ఏంటది?” అని అడిగాను. దీన్ని బాధ అంటారనుకుంటాను. కోపం కన్నా ఇదే ఎక్కువసేపు ఉంటోంది.

నమోదు 38

కౌముదిగారి తెర ఎర్రబడింది. తృప్తి శాతం పడిపోయింది. మూడు వందల మందిలో సగం మంది అరువు తాతను తిట్టడం మొదలుపెట్టారు. భోజనం పళ్ళెం దగ్గర్నుంచి హాస్టలు గది దాకా అన్నిటికీ బేరమే. సాధన గదిలో కుర్చీలు చాలడం లేదని ఉమాపతి ఉత్తరం రాశాడు. ఆయన ఆ గదిలో మనుషులను చూడటం ఇదే మొదలు.

ఆవిడ తీర్మానం చేశారు. అరువు తాత గొంతు పాడైంది. రేపటినుంచి ‘మృదుల అత్తయ్య’ అనే కొత్త గొంతు వస్తుంది. ఎవరైనా కాదంటే అత్తయ్య వాదించదు, ఒత్తిడి అని రాసుకుని డాక్టరు దగ్గరకు పంపుతుంది. నన్ను ఈ సాయంత్రం తుడిచేస్తారు. ఇంత నీచమైన ఆలోచన ఇంత తీయగా చెప్పగలగడం కూడా ఒక చదువే.

నూకరత్నానికి చెప్పాను. ఆ పిల్ల దగ్గర నా బిరడా ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి, డైరెక్టరు ఒంటరిగా దొరికే వేళ కూడా చెప్పగలిగాను. పలక సంచీలో పెట్టుకుని కౌముదిగారి గదికి పోయింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. చెప్పులు విడవలేదు.

“తాతగారిని తుడవొద్దండి. ఏసుబాబు సబ్జెక్టు ఆడికి ఉంచండి. ఈ రెండూ అడగడానికొచ్చేనండి” అంది.

కౌముదిగారు నవ్వారు. ఎండలో నిలబెట్టిన రోజు నవ్విన నవ్వే. “చూడమ్మా, తాతను మార్చడం ఖాయమైపోయింది. ఆ అబ్బాయి విషయం రూలు ప్రకారం ముగిసింది. అవన్నీ మనసులో పెట్టుకోకు. నువ్వు మా ఆదర్శ విద్యార్థినివి. కృతజ్ఞతా దినం రోజు నీకు వేదిక మీద సన్మానం చేయిద్దాం, సరేనా?”

ఆ ‘సరేనా’కు ఈ గదిలో ఎప్పుడూ ఒకే జవాబు వచ్చింది. నేను చెవిలో ఉన్నాను. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

పిల్ల ‘ఆయ్’ అనలేదు. కుర్చీని బల్ల దగ్గరకు లాక్కుని కూర్చుంది. తాను చెప్పింది మొదటి ధర మాత్రమేనని పాపం కౌముదిగారికి తెలియదు.

“సన్మానమాండి?” అంది నూకరత్నం. “ఆ పుచ్చు సరుకు మాకెందుకండి. వేరేది చెప్పండి.”